షేకర్‌కి తుప్పు పట్టింది, రిఫండ్ లేదంటున్నారు: కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. ఇంట్లో చిన్న బార్ కౌంటర్ పెట్టుకుని, ఆన్‌లైన్‌లో 2,399 రూపాయలకు మూడు ముక్కల కాక్‌టెయిల్ షేకర్ కొన్నాను. ‘304 ఫుడ్ గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్, తుప్పు పట్టదు, లీక్ కాదు’ అని పేజీలో రాశారు. నెల తిరక్కుండానే వడపోత చిల్లుల చుట్టూ గోధుమరంగు చుక్కలు లేచాయి. ఊపుతుంటే మెడ దగ్గర కారుతోంది. ఐసు వేసి ఊపాక మూత బిగుసుకుపోయి ఊడి రావట్లేదు. అడిగితే ఏడు రోజుల రిటర్న్ గడువు అయిపోయిందంటున్నారు. మీది సముద్రపు గాలి ఊరు, తుప్పుకు మాకు సంబంధం లేదంటున్నారు. కేసు వేయాలంటే ఢిల్లీలోనే వేసుకోవాలట. బిల్లేమో నా ప్రొప్రైటరీ ఫర్మ్ జీఎస్టీ నంబరుతో వచ్చింది. మందు సామాను కోసం కేసేమిటి, నవ్వుతారు అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. కేసు నిలబడుతుందా? మళ్లీ కొనాలంటే ఏ రకం కొనమంటారు?

జవాబు: ఎవరూ నవ్వరు. డబ్బిచ్చి కొన్న వస్తువు చెప్పినట్టు ఉందా లేదా అన్నదే వినియోగదారుల కమిషన్ చూస్తుంది. షేకర్ అంటే మూతలున్న స్టీలు గిన్నె. అందులో మీరు ఏం కలుపుకుంటారన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

మీ మూడు ఫిర్యాదుల్లో ఒకటి మాత్రం ఇప్పుడే కొట్టేయండి. మూత బిగుసుకోవడం ఈ రకం షేకర్ల స్వభావం. ఐసు పడగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది, స్టీలూ కాస్త ముడుచుకుంటుంది, దాంతో మూత పీల్చుకున్నట్టు పట్టేస్తుంది. ఈ మూడు ముక్కల నమూనాకు బ్రూక్లిన్‌కు చెందిన ఎడ్వర్డ్ హాక్ 1884లో పేటెంటు తీసుకున్నాడు. ఖరీదైనవి కొన్నవాళ్లకూ ఈ బాధ తప్పదు. ఫిర్యాదులో ఇది రాస్తే అవతలి వకీలు ముందు దీన్నే పట్టుకుంటాడు. ఇది లోపం కాదని తేలగానే, మిగతావీ ఇలాంటివే అన్న అనుమానం మొదలవుతుంది.

కారడం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(10) ప్రకారం, అమ్మేవాడు ఉందని చెప్పిన నాణ్యత వస్తువులో లేకపోయినా అది లోపమే. ‘లీక్ కాదు’ అని వాళ్లే రాసుకున్నారు కదా. షేకర్‌లో మూడింట రెండు వంతులు నీళ్లు పోసి, మూతలు బిగించి, పాత న్యూస్‌పేపరు మీద తలకిందులుగా పట్టుకుని వీడియో తీయండి. మామూలు నీళ్లతో ఓసారి, ఐసు వేసి ఓసారి. చల్లబడితే మూతలు ఇంకా బిగియాలి. అప్పుడూ కారుతోందంటే వాళ్లకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. వీడియోలో కోతలు పెట్టకండి. పార్సిల్ మీది ఆర్డర్ లేబుల్ కూడా అందులోనే కనపడాలి.

ఇక తుప్పు. ఇక్కడ చాలామంది తొందరపడి కేసు పాడుచేసుకుంటారు. ‘తుప్పు పట్టింది కాబట్టి ఇది 304 కాదు’ అని రాయకండి. 304 అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీలు. మామూలు వాడకంలో బాగానే నిలుస్తుంది కానీ ఉప్పుగాలికి దాని మీదా గోధుమరంగు మరకలు వస్తాయి. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంట్ల బాల్కనీ రెయిలింగులు చూసినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కమిషన్ సభ్యులు కూర్చునేదీ ఈ ఊళ్లోనే. కాబట్టి సముద్రపు గాలి వాదన మొత్తం బుకాయింపు కాదు.

అందుకే మీ కేసును తుప్పు మీద కాకుండా వాళ్లు రాసిన మాట మీద నిలబెట్టండి. ‘304 అని అమ్మారు, ఇది 304యేనా?’ అన్నది మొదటి ప్రశ్న. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 సిరీస్ స్టీలు చౌక. నిమ్మరసం, ఉప్పు తగిలే చోట అది త్వరగా చెడుతుంది. చూపుకు రెండూ ఒకేలా మెరుస్తాయి. రెండో ప్రశ్న: ‘తుప్పు పట్టదు’ అని షరతు లేకుండా రాసి, విశాఖ పిన్‌కోడ్‌కి ఆర్డర్ తీసుకుని, ఇప్పుడు సముద్రాన్ని సాక్షిగా పిలిస్తే ఎలా?

అయస్కాంతం అంటించి చూసి తేల్చేయకండి. అచ్చమైన 304 కూడా సాగదీసి వంచిన చోట కాస్త అంటుకుంటుంది, 200 సిరీస్‌లో 201 లాంటి చౌక రకం అసలు అంటుకోకపోవచ్చు. తేల్చాల్సింది ల్యాబు. అలాగని మీరే ప్రైవేటు ల్యాబుకి తీసుకెళ్లి ముక్క కోయించకండి. ఆ రిపోర్టును అవతలివాళ్లు ఒప్పుకోరు, వస్తువేమో ముక్కలై ఉంటుంది. సెక్షన్ 38(2) కింద, శాంపిల్‌ను సీలు వేసి గుర్తింపు పొందిన ల్యాబుకి పంపమని కమిషన్‌నే అడగండి. రిపోర్టుకు చట్టం 45 రోజులు ఇస్తోంది. పరీక్ష ఫీజు ముందుగా మీరే కట్టాల్సి రావొచ్చు. ఈలోగా షేకర్‌ని తోమొద్దు, చుక్కలు పోగొట్టాలని చింతపండు రుద్దొద్దు. ఇంకొక్క మాట, ఇది మీరూ నేనూ అనుకునేది: నిమ్మరసం, ఉప్పు కలిపిన డ్రింకు రాత్రంతా అందులోనే వదిలేసిన రోజులుంటే ఇప్పుడే చెప్పండి. మిమ్మల్ని ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారు.

అమ్మకపు పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేదీ, వెబ్ చిరునామా, అమ్మినవాడి పేరు, ఆ ‘304’ వాక్యం అన్నీ కనపడాలి. నోటీసు అందిన మర్నాడే పేజీలో మాటలు మారిపోవడం మాకు అలవాటైన తంతు. స్క్రీన్‌షాట్లకు, వీడియోకు భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికిచ్చే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత పేచీ ఉండదు.

ఏడు రోజుల గడువు వాళ్లు రాసుకున్న నియమం, చట్టం కాదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, లోపమున్న వస్తువును గానీ ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును గానీ వెనక్కి తీసుకోనని విక్రేత అనకూడదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, బిల్లులో గడువు లేకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడాన్ని చట్టంలో సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతి కిందే లెక్కగడుతుంది. ఫిర్యాదు వేయడానికి మీకు రెండేళ్లు టైముంది.

ఢిల్లీ సంగతి కూడా అంతే. ఫిర్యాదీ నివసించే చోట లేదా పనిచేసుకునే చోట కేసు వేయొచ్చని సెక్షన్ 34 స్పష్టంగా చెబుతోంది. మీకు విశాఖ జిల్లా కమిషన్ చాలు. షరతుల్లో ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని రాసి ఉన్నా బెదరకండి. వినియోగదారుల ఫిర్యాదుకు అది అడ్డు కాదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చేసింది.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది మీ జీఎస్టీ బిల్లు. వ్యాపార అవసరానికి కొన్నవాణ్ణి చట్టం వినియోగదారుడిగా చూడదు. ఫర్మ్ నంబరు కనపడగానే అవతలివాళ్లు ఆ మాటే ఎత్తుతారు. మీ ఆడిటర్‌ని అడగండి: ఈ బిల్లు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్నారా, అంటే ఇందులో కట్టిన జీఎస్టీని ఫర్మ్ కట్టాల్సిన పన్నులో తగ్గించుకున్నారా? తీసుకోకపోతే ఆయన చేత ఓ ఉత్తరం రాయించండి. తీసుకుని ఉంటే, సొంత వాడకానికి కొన్నదాని మీద క్రెడిట్ రాదు కాబట్టి ముందు దాన్ని సరిచేయించండి. అప్పుడు కేసు కాస్త కష్టమవుతుంది గానీ చేజారదు. బిల్లు ఎవరి పేరున ఉందన్నదాని కన్నా ఎందుకు కొన్నారన్నదే ముఖ్యమని 2019లో లీలావతి కీర్తిలాల్ మెహతా ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చూపిన దారి మీకు పనికొస్తుంది. ఆసుపత్రి ట్రస్టు తన నర్సులు ఉండటానికి కొన్న ఫ్లాట్లు వాణిజ్య అవసరం కిందకు రావని ఆ తీర్పు. ప్రొప్రైటరీ ఫర్మ్ అంటే యజమాని ఒక్కరే కాబట్టి ప్రొప్రైటర్ హోదాలో మీ పేరుతోనే ఫిర్యాదు వేయొచ్చు.

ముందు వెబ్‌సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. దాంతోపాటు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేయండి. ఇంత చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తెమిలిపోతాయి. తెమలకపోతే నోటీసు, తర్వాత వినియోగదారుల కమిషన్ల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఫిర్యాదు. వస్తువు విలువ 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. విక్రేతనూ వెబ్‌సైటునూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ల్యాబు పరీక్ష ఉన్న కేసు ఐదు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది; అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని దిగండి. 2,399, దాని మీద వడ్డీ, ఖర్చులు, మనోవేదనకు ఓ మోస్తరు మొత్తం అడగండి. లక్షలు అడిగితే కేసు పలచనవుతుంది.

ఇక ఏది కొనాలి? నేను బార్టెండర్‌ని కాను, కానీ గొడవలు ఎక్కువగా దేని మీద వస్తాయో తెలుసు. బోస్టన్ రకం తీసుకోండి. రెండు స్టీలు టిన్నులు ఒకదాన్లో ఒకటి దిగుతాయి. కన్నాల వడపోత ఉండదు కాబట్టి తుప్పు దాక్కునే చోటు తక్కువ. ఇరుక్కున్నా అరచేత్తో పక్కన ఒక్కటి కొడితే విడిపోతుంది. స్ట్రెయినర్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. గాజు గ్లాసుతో వచ్చేది వద్దు, చేయి జారితే ఆ గాజు పెంకులకు ఎవరి మీదా కేసు వేయలేం. బంగారు పూత, రాగి పూత జోలికి పోకండి. పూత లేచిపోతే అది వాడకం వల్లా, తయారీ వల్లా అన్న వాదన ఏళ్లు నడుస్తుంది. వీలైతే ఊళ్లో దుకాణంలోనే కొనండి. అక్కడికక్కడే నీళ్లు పోయించి తిప్పి చూడొచ్చు, బిల్లులో ‘షేకర్ 1’ అని వదిలేయకుండా ‘304 స్టీల్ షేకర్’ అని రాయించుకోవచ్చు. ఈసారి బిల్లు మీ సొంత పేరున.

చివరగా మీరు పంపిన ఫొటో గురించి. షేకర్ కన్నా దాని వెనకున్న సీసాల వరుసే బాగా కనపడుతోంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పర్మిట్ లేకుండా మనిషి దగ్గర ఉండదగిన మద్యాన్ని మూడు సీసాలకు, బీరైతే ఆరు సీసాలకు తగ్గించింది. ఆ తర్వాత 2024లో మద్యం విధానం మారింది కాబట్టి, ఇవాళ్టి లెక్క ఎంతో ఎక్సైజ్ స్టేషన్‌లో కనుక్కుని మీ కౌంటర్‌ని దానికి లోబడి ఉంచుకోండి. వాటిలో యానాం నుంచి తెచ్చినవి ఉంటే, పర్మిట్ లేకుండా రాష్ట్రంలోకి తెచ్చినందుకు వేరే కేసవుతుంది. ఫిర్యాదుతో జతచేసిన ప్రతి ఫొటో నకలూ ప్రతివాదికి వెళుతుంది. షేకర్‌ని తెల్లగుడ్డ మీద పెట్టి, చిల్లుల చుట్టూ చుక్కలు కనపడేంత దగ్గరగా మళ్లీ తీసి పంపండి.