సోలెడు అంటే ఎంత? ఆ మాట ఎక్కడిది?

పాత పద్దు పుస్తకంలో “నూనె సోలెడు, నెయ్యి గిద్దెడు” అని కనిపించిందనీ, సోల అంటే ఎంతో, ఆ మాట ఎక్కడిదో చెప్పమనీ అడిగారు.

సోల మొదట కొలపాత్ర పేరు. ఆ పాత్ర నిండా పట్టేది సోలెడు. పిడికిట్లో పట్టేది పిడికెడు, దోసిట్లో పట్టేది దోసెడు అయినట్టే, పాత్ర పేరుకు ‘ఎడు’ చేరి పరిమాణాన్ని తెలిపే మాట ఏర్పడింది. ‘పుట్టెడు దుఃఖం’ అన్న పలుకుబడిలోనూ ఉన్నది ఇదే. ధాన్యం కొలతలో 20 తూములు ఒక పుట్టి.

4 గిద్దలు ఒక సోల, 2 సోలలు ఒక తవ్వ, 2 తవ్వలు ఒక మానిక. గిద్దకూ సోలకూ నడుమ అరసోల ఉంది కనుక ప్రతి కొలతా తన కింది దానికి సరిగ్గా రెట్టింపు. ఈ ఏర్పాటులోని తెలివి నాకు మా అమ్మమ్మ వంటింట్లో అర్థమైంది. కొత్త తవ్వ కొన్నప్పుడల్లా ఆవిడ ఇంట్లోని పాత సోలతో రెండుసార్లు నీళ్లు పోసి, అంచుదాకా వచ్చి ఆగితేనే దాన్ని వాడుకలోకి తీసుకునేవారు. ఆవకాయకు ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నిటినీ ఒకే సోలతో కొలిచేవారు కాబట్టి, ఆ సోల కాస్త పెద్దదైనా చిన్నదైనా పాళ్లు మారేవి కావు. ఒక్క తేడా గమనించాలి: బియ్యాన్ని సోల మీద రాశిగా నింపి కొలవవచ్చు, నూనె మాత్రం అంచు దాటి నిలవదు.

ఇక పుట్టుక విషయానికి వస్తే, సోల ద్రావిడ పదం. కన్నడంలోని సొలిగె దీనికి చుట్టమే. మానిక మాత్రం కొలవడమనే అర్థమున్న ‘మా’ ధాతువు నుంచి వచ్చిన సంస్కృత పదం. ఆయుర్వేద కొలతల్లో కూడా కుడవం అనే చిన్న కొలతలు 2 కలిస్తే ఒక మానిక అవుతుంది. మరో పాత కొలత అయిన శేరు ఉత్తరాది నుంచి వచ్చింది.

1956 నాటి చట్టంతో దేశమంతటా మెట్రిక్ కొలతలు రాకముందు, సోల పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది. అందువల్ల అన్ని ఊళ్లకూ ఒకే మిల్లీలీటర్ల లెక్క చెప్పడం సరికాదని నా అభిప్రాయం. మీ ఇంటి అటక మీద పాత సోల ఇంకా ఉంటే, దాన్ని అంచుదాకా నీళ్లతో నింపి కొలజాడీలో పోసి చూడండి. ఆ పద్దు రాసినవారి సోలెడుకు అంతకన్నా దగ్గరి లెక్క మరొకటి దొరకదు.