నా కిడ్నీ ఇంకొకరికిచ్చి, మా ఆయనకు వాళ్ల కిడ్నీ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది ఉద్దానం. మా ఆయనకు 44 ఏళ్లు. ఏడాదిగా పలాస వెళ్లి వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. నేను కిడ్నీ ఇద్దామంటే ఆయనది బి గ్రూపు, నాది ఎ. ఇలాంటి ఇంకో జంటతో మార్చుకోవచ్చని డాక్టరు గారు చెప్పారు. ‘నీది తీసేసుకున్నాక వాళ్లు వెనక్కి తగ్గితే?’ అని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. నాకూ అదే టెన్షన్.
– ఒక సోదరి, కవిటి మండలం

జవాబు: అమ్మా, మీ అత్తగారు అడగాల్సిందే అడిగారు. డాక్టర్లకూ ఆ భయం ఉంది కాబట్టే నాలుగు ఆపరేషన్లూ ఒకే రోజు పెట్టుకుని, ఇద్దరు దాతలకూ ఒకే సమయానికి మొదలుపెడతారు. విశాఖలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌గా పనిచేసినన్నాళ్లూ ఆ రోజు నా పని రెండు థియేటర్ల మధ్య తిరగడమే. ఇద్దరికీ మత్తిచ్చారని నేను అటూ ఇటూ చెప్పాకే కోత మొదలయ్యేది. ఆ క్షణం వరకు ఎవరు వద్దన్నా అంతటితో ఆగిపోతుంది, ఎవరి కిడ్నీ వాళ్లకే ఉంటుంది.

మీకు కావలసింది ఎ గ్రూపు రోగి, బి గ్రూపు దాత ఉన్న కుటుంబం. ఇలాంటివాళ్లు దొరికే అవకాశం బాగానే ఉంటుంది. ఓ గ్రూపు రోగులకే చాలా కష్టం. వాళ్లకు ఓ దాతే కావాలి, ఆ దాతలేమో గ్రూపు అడ్డు లేక సొంతవాళ్లకే నేరుగా ఇచ్చేస్తారు. గ్రూపు కలిశాక, రోగి రక్తం ఆ దాత కణాలపై ఎదురుతిరుగుతుందా అని చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కూడా నెగెటివ్ రావాలి. మీ ఆయనకు ఎప్పుడైనా రక్తం ఎక్కించి ఉంటే తప్పకుండా చెప్పండి, దానివల్ల తేడా రావచ్చు.

2011లో అవయవ మార్పిడి చట్టాన్ని సవరించి దీనికి అనుమతి ఇచ్చారు. రెండు వైపులా దాత, రోగికి దగ్గరి బంధువై ఉండాలి. స్నేహితులు పనికిరారు. ఇలాంటి మార్పిడికి అనుమతిచ్చే ఆథరైజేషన్ కమిటీ మిమ్మల్ని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంది, పెళ్లి ఫొటోలు, రేషన్ కార్డు దగ్గర పెట్టుకోండి. జంటను కుదురుస్తానని ఎవరైనా డబ్బడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. అవయవాల అమ్మకానికి అయిదు నుంచి 10 ఏళ్ల జైలు.

ఇలా మార్చుకోవాలనుకునే జంటలు ఒక్క ఆసుపత్రి లిస్టులో పట్టుమని పది కూడా ఉండకపోవచ్చు. వేరే ఆసుపత్రుల జంటలతో కలిపి చూస్తారా అని అడగండి. అవతలి దాత వయసు కూడా అడగండి, మొహమాటపడొద్దు. ఈలోగా, చనిపోయినవారి అవయవాలను రోగులకు కేటాయించే ప్రభుత్వ కార్యక్రమం జీవన్‌దాన్‌లో ఆయన పేరు రాయించండి.

ఒకావిడ మత్తు దిగగానే నన్ను అడిగిన మొదటి మాట నాకింకా గుర్తు: ‘వాళ్లాయనకి యూరిన్ వచ్చిందా?’ తన కిడ్నీ వెళ్లింది ఆయనకే మరి. తర్వాత అడిగింది తన భర్త గురించి.

కౌన్సెలింగ్‌కు మీ అత్తగారినీ తీసుకెళ్లండి. ఆ ప్రశ్న డాక్టరు గారిని ఆవిడే అడగాలి.