దేవుడు క్షమించాడని తెలిసినా పాత ఓటమి మనసులోంచి పోవడం లేదు. మీరెలా బయటపడ్డారు?

హోటల్ పెట్టి నష్టపోయానని, కలిసి పెట్టుబడి పెట్టిన స్నేహితుడితో రెండేళ్లుగా మాటల్లేవని, చర్చిలో బైబిల్లో పౌలు రాసిన ఫిలిప్పీ పత్రిక అనే ఉత్తరంలోని ‘వెనుక ఉన్నవి మరచి’ అనే మాట విన్నప్పుడల్లా నా విశ్వాసం చాలదేమో అనిపిస్తోందని రాశారు. ముందు ఆ మాట సంగతే చెప్తాను, ఎందుకంటే నన్నూ ఆరేళ్లు ఏడిపించింది అదే.

ఆ మాట రాసిన పౌలు తన గతాన్ని మర్చిపోలేదండీ. అదే అధ్యాయంలో కొన్ని వచనాల ముందే, సంఘాన్ని హింసించినవాణ్నని తనే రాసుకున్నాడు. కొరింథు వాళ్లకు రాసినప్పుడూ అదే రాశాడు. మర్చిపోయినవాడు అన్నిసార్లు ఎలా చెప్పుకుంటాడు? కాబట్టి గుర్తొస్తోందని మీ విశ్వాసాన్ని తక్కువ చేసుకోకండి.

నాది రొయ్యల చెరువు. కొత్తపట్నం వైపు లీజుకు తీసుకున్నాను. మా అక్క తన కూతురి పెళ్లికని దాచుకున్న లక్షన్నర నా చేతిలో పెట్టింది. రోగం లేదని పీసీఆర్ టెస్ట్ చేయించిన సీడ్, అంటే రొయ్య పిల్లల రేటు ఎక్కువ. టెస్ట్ లేనిది తక్కువకు దొరికింది, అదే వేశాను. అక్క అడిగితే టెస్ట్ అయిందనే చెప్పాను. యాభై రోజులు నిండకముందే, ఒక తెల్లవారుజామున రొయ్యలు గట్టు వెంబడి నీరసంగా ఆనుకుని ఉన్నాయి. ఒకదాన్ని తీసి, తల మీది పెంకు ఊడదీసి టార్చి వెలుగులో పట్టుకుంటే లోపల తెల్లటి చుక్కలు. వైట్ స్పాట్, రొయ్యల్ని చంపేసే రోగం. ఆ రోజే వలలు వేసి పట్టేశాం. అంత చిన్న సైజు రొయ్యలకు వచ్చిన డబ్బు మేత బాకీకే చాల్లేదు. మేనకోడలి పెళ్లి అప్పు చేసి చేశారు.

రోగం వచ్చింది, మన చేతుల్లో ఏముంది అని అందరికీ చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. ఆ మాట వింటుంటే ఒళ్లు కాలినట్టుండేది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ముందే లేచి బయటికి వచ్చేసేవాణ్ని. రాత్రిపూట మోకాళ్ల మీద దేవుడి దగ్గర అన్నీ ఒప్పుకునేవాణ్ని, తెల్లారేసరికి మళ్లీ అదే బరువు. దేవుడికి చెప్పడం నాకు తేలిక. చెప్పాల్సింది అక్కకు.

మా వైపు ఈస్టర్ ముందురోజు సమాధుల తోటలో సున్నం వేసుకుంటాం, మర్నాడు చీకటితోనే కొవ్వొత్తులతో ఆరాధనకు వెళ్తాం. ఆ ఏడు నాన్న సమాధి దగ్గర నేనూ అక్కా ఇద్దరమే ఉన్నాం. నాన్న పేరు అక్షరాల్లోకి సున్నం దిగకుండా అక్క తడిగుడ్డతో తుడుస్తోంది. నేను తలవైపు సిలువకు బ్రష్ వేస్తూ, ఆమె వైపు చూడకుండానే అనేశాను. “అక్కా, ఆ సీడ్‌కి టెస్ట్ చేయించలేదు. నీతో అబద్ధం చెప్పాను.”

చాలాసేపు ఏమీ అనలేదు. గుడ్డ నీళ్లలో ముంచి పిండింది. తర్వాత, “నెలకెంత ఇవ్వగలవురా?” అంది.

“మూడు వేలు.”

“రెండు చెప్పు. మూడని చెప్పి నాలుగో నెలకు మానేస్తావు. అటువైపు సరిగా అంటలేదు, ఇంకో పూత వెయ్యి.”

నేను బ్రష్ పట్టుకునే ఏడ్చాను.

యేసు శిష్యుడు పేతురు కథ నాకు అప్పుడే అర్థమైంది. ఆయన యేసును ఎరుగనని మూడుసార్లు బొంకింది ప్రధాన యాజకుడి ముంగిట్లో, నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ. చనిపోయి తిరిగి లేచాక యేసు తిబెరియ సముద్రం ఒడ్డున భోజనానికి పిలిచిందీ నిప్పుల దగ్గరికే. ఆ నిప్పులకు యోహాను వాడిన గ్రీకు మాట కొత్త నిబంధన మొత్తంలో ఆ రెండు చోట్లే కనబడుతుంది. అక్కడ మూడుసార్లు ప్రశ్న అడిగాడు, పేతురు మనసు నొచ్చుకున్నాడు కూడా. జవాబు చెప్పిన ప్రతిసారీ గొర్రెల్ని మేపమని పని అప్పజెప్పాడు. ఆ పాత విషయం ఎత్తకుండా పోనివ్వలేదు చూడండి.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. మన చర్చిల్లో సాక్ష్యం చెప్పమంటే, నష్టపోయాను, ప్రార్థించాను, ఇల్లు కట్టాను అనేవాళ్లకే మైకు ఇస్తున్నారు. ఇంకా అప్పు తీరుస్తున్నవాడిని ఎవరూ పిలవరు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా ఒంగోలు బాప్టిస్టులు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి కూడా. కానీ అమెరికా బాప్టిస్టుల ఆ తెలుగు మిషన్ 1836లో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం కనబడక 1853లో దాన్ని మూసేద్దామా అని అమెరికాలో చర్చించారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషనరీ జువెట్ దొరగారు, ఆయన భార్య, మరో ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. మా నాన్న మమ్మల్ని ఆ ప్రార్థన కొండకు తీసుకెళ్లి ఈ ఐదుగురి గురించే చెప్పేవాడు. 2,222 సంగతి ఎలాగూ అందరూ చెప్తారనేవాడు.

మీరు హోటల్ గురించి ఇరవై వాక్యాలు రాసి, స్నేహితుడి గురించి ఒక్కటే రాశారు. నాకైతే మీ బరువంతా ఆ ఒక్క వాక్యంలోనే కనబడుతోంది. ముందు ఆయనకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఇంటికి వెళ్లండి.

నేను ఇప్పటికి ముప్పై ఆరు నెలలు కట్టాను, ఇంకా డెబ్బై ఎనిమిది వేలుంది. బల్ల తీసుకుంటున్నాను. చెరువు ఇప్పటికీ గుర్తొస్తుంది, ముఖ్యంగా వాన పడే రాత్రుళ్లు, కానీ లేచి కూర్చోవడం లేదు. ప్రతి నెలా ఐదో తారీఖున ఫోన్‌పేలో రెండు వేలు పంపిస్తాను, అక్క ఏమీ అనదు. ఒక్కసారి ఏడో తారీఖు వచ్చినా పంపలేకపోయాను. ఆ సాయంత్రం ఫోన్ చేసి, “ఏరా, ఒంట్లో బాగానే ఉందా?” అని అడిగింది.