అమ్మాయి ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతోంది, ఏ కోర్సులో చేర్పించమంటారు?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం చివరి సంవత్సరం చదువుతూ, ఏడాదిగా మంగళగిరి చీరలు తెచ్చి వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లలో అమ్ముతోంది. మొన్న ఒకరు డబ్బు పంపినట్లు స్క్రీన్‌షాట్ చూపించి 3,800 రూపాయల చీర తెప్పించుకుని మోసం చేశారు. ఇప్పుడు హైదరాబాద్ బొటిక్ ఒకటి 45 రోజుల అరువు మీద 30 చీరలు అడుగుతోంది. నాది ఎరువుల దుకాణం. అమ్మాయిని ఎంబీఏలో చేర్పించాలా, 60 వేలు కట్టి ఆన్‌లైన్ వ్యాపారం కోర్సులో చేర్పించాలా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఈ ప్రశ్న నాకు తరచుగా వస్తూనే ఉంటుంది, చీరలకు బదులు ఒకరి ఉత్తరంలో పచ్చళ్లు, మరొకరి ఉత్తరంలో కొండపల్లి బొమ్మలు ఉంటాయి, అంతే తేడా. మీరు అడిగింది కోర్సు గురించే అయినా, ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆడపిల్ల డబ్బు వ్యవహారం పెట్టుకుంది, రేపు ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలితే ఎలాగన్న భయం ప్రతి వాక్యంలోనూ కనబడుతోంది కనుక ముందుగా దానికే జవాబు చెబుతాను.

ఆ 3,800 పోయింది అమ్మాయికి తెలివి లేక కాదు, కొన్నవారి ఫోనులోని బొమ్మను నమ్మి తన ఖాతా చూసుకోకపోవడం వల్ల. యూపీఐలో ప్రతి చెల్లింపుకూ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో సొమ్ము తన బ్యాంకు యాప్‌లో జమ అయినట్లు కనబడిన తరువాతే పార్సిల్ కట్టాలన్న ఒక్క నియమంతో ఇలాంటి మోసాల్లో చాలా భాగం ఆగిపోతాయి. "డబ్బు పంపుతున్నాను, మీకు అందాలంటే ఈ కోడ్ స్కాన్ చేయండి" అనే వాళ్లు కూడా ఎదురవుతారు. మనకు డబ్బు రావడానికి మనం పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదని ఆమెకు గట్టిగా చెప్పండి. మోసం జరిగిందని తెలిసిన గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కు ఫోన్ చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం ఎక్కువ. ఇంటి ఖర్చుల పొదుపు ఖాతాలోనే అమ్మకాల డబ్బు కూడా పడుతూ ఉంటే వెంటనే మాన్పించి, వేరుగా కరెంటు ఖాతా, అంటే వ్యాపారులకు బ్యాంకు ఇచ్చే ఖాతా, తెరిపించండి. ఎవరో మోసం చేసి సంపాదించిన డబ్బుతో చీర కొన్నారనుకోండి, పోలీసు ఫిర్యాదు మీద బ్యాంకు మీ ఖాతాను నిలిపివేయవచ్చు. అప్పుడు ఆదుకునేవి ప్రతి అమ్మకానికీ రాసి ఉంచిన బిల్లు, కొరియర్ రసీదు మాత్రమే.

ఇక కోర్సు సంగతి. ఈ ఆన్‌లైన్ వ్యాపారం కోర్సుల మీద నాకున్న అనుమానాన్ని దాచుకోను. అవి కొనేవాళ్లను ఎలా రప్పించాలో, ప్రకటనకు ఎంత ఖర్చు పెట్టాలో నేర్పుతాయి. వచ్చిన మనిషి పార్సిల్ చేరాక డబ్బు ఇస్తానని, తీరా కొరియర్ కుర్రాడు తలుపు తట్టే వేళకు వద్దంటే, రానుపోను ఖర్చు అమ్మిన వాళ్ల నెత్తిన పడుతుందన్న సంగతి దగ్గరికి వచ్చేసరికి పాఠం అయిపోతుంది. కార్డు చెల్లింపులకు పేమెంట్ గేట్‌వే (కొనేవారి సొమ్మును మన ఖాతాకు చేర్చే సేవ) పెట్టుకుంటే సుమారు రెండు శాతం రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ పోతాయని, సొమ్ము ఖాతాలో పడటానికి ఒకటి రెండు పనిదినాలు ఆగాలని ఆమె బీకాం పుస్తకం పక్కన పెట్టుకుని ఒక మధ్యాహ్నంలో తెలుసుకోగలదు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కరలేదని అందరూ అంటారు, కానీ హైదరాబాద్‌కు పంపితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, దానికి ఆ పరిమితి మామూలుగా వర్తించదు; అయితే చేనేతకు షరతులతో కూడిన మినహాయింపులు ఉన్నాయి కనుక, ఆ 60 వేలలో రెండు వేలు ఖర్చు పెట్టి ఆడిటరును అడగడం మంచిది.

ఇక్కడ మిమ్మల్ని కొంచెం మందలించక తప్పదు. ఎరువుల దుకాణం నడిపే మీరు రైతుకు బస్తాలు అరువిచ్చి పంట చేతికొచ్చే దాకా ఆగుతారు. ఎవరికి పది బస్తాలు ఇవ్వాలో, ఎవరికి పాత బాకీ తీరేదాకా ఒక్క బస్తా కూడా ఇవ్వకూడదో మీ ఖాతా పుస్తకంలో ఉన్నంతగా ఏ కోర్సులోనూ లేదు. ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా అమ్మాయి ముందు తెరిచారా? చదువుకున్న పిల్ల, దుకాణం సంగతులు ఆమెకెందుకని మూసి ఉంచి, అవే సంగతులు పైవాళ్ల దగ్గర 60 వేలకు కొనబోతున్నారు!

ఆ బొటిక్ ఆర్డరుకే వద్దాం. వచ్చిన బేరాన్ని వదులుకోమని నేను అనను. ఆరు చీరలు పూర్తి అడ్వాన్సు మీద పంపి, అవి అమ్ముడయ్యాక పన్నెండు సగం అడ్వాన్సు మీద పంపి, మూడో విడతకు గానీ అరువు మాట ఎత్తవద్దని చెప్పండి. ధర, గడువు, లోపం ఉన్న చీర వెనక్కి తీసుకునే పద్ధతి వాట్సాప్‌లోనైనా సరే రాతలో ఉండాలి. అరువు ఇచ్చే రోజున, డబ్బు అందవలసిన తేదీ వేసిన చెక్కు తీసుకోవాలి. అది చెల్లకపోతే బ్యాంకు సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలని కూడా ఆమెకు తెలిసి ఉండాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే 45 రోజుల్లో డబ్బు ఇప్పించే చట్టం ఉందని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మి కూర్చోవద్దు. 2021లో వ్యాపారులకు ఆ రిజిస్ట్రేషన్ మళ్లీ ఇచ్చినా, అది బ్యాంకు రుణాల ప్రాధాన్యం వరకే; కొని అమ్మేవారికి ఆ 45 రోజుల రక్షణ అందదు.

మగ్గం వైపు మనిషితో సంబంధం ఇంతకన్నా ముఖ్యం. నేసేవారికి అనుకున్న రోజున డబ్బు ఇచ్చే అమ్మాయికే, పండుగ ముందు అందరూ ఎగబడే వేళ మంచి నిజాం అంచు చీర ముందుగా దక్కుతుంది. బొటిక్ డబ్బు ఆలస్యమైందని అటు ఆపితే ఏడాదిగా సంపాదించుకున్న పేరు ఒక్క నెలలో పోతుంది.

ఎంబీఏ చెడ్డదేమీ కాదు, కానీ ఈ ఏడాదే చేరకపోతే కొంపలు మునగవు. రెండేళ్లు వ్యాపారం చేసి వెళ్లిన వాళ్లకు తరగతిలో చెప్పేది మరింత బాగా ఒంటబడుతుందని నా విద్యార్థుల్లో చూశాను. డిగ్రీ మాత్రం మంచి మార్కులతో పూర్తి చేయించండి. అమ్మాయి పాడైపోలేదు, దారీ తప్పలేదు. 3,800 పోగొట్టుకుని కూడా దుకాణం మూయలేదంటే, మీ రక్తమే. ఈ ఆదివారం దుకాణం కట్టేశాక ఖాతా పుస్తకం ఇంటికి తెచ్చి, బొటిక్ వాళ్లకు పంపవలసిన జవాబును ఇద్దరూ కలిసి రాయండి.