పాటల పెట్టె: బీటిల్స్ నలుగురు, విడిపోయాక ఒక్కొక్కరు

(పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు)

ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ సంగీత బృందం గురించే ఉన్నందువల్ల, ఈసారి శీర్షికను పూర్తిగా వారి ఆల్బమ్‌లకే కేటాయించాము.

ప్రశ్న: మా మనవడు వినిపించిన ఒక ఇంగ్లీషు పాటలో చివరికి వచ్చేసరికి "గురుర్బ్రహ్మ గురుర్విష్ణుః" అన్న శ్లోకం నా చెవిన పడింది. బడిలో ప్రార్థన సమయంలో నేను ఏళ్ల తరబడి పిల్లలచేత చెప్పించిన శ్లోకం అది. నేను పొరబడ్డానా? నిజమే అయితే ఆ పాట ఎవరిది, శ్లోకం అందులోకి ఎలా వచ్చింది?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

సమాధానం: మీరు పొరబడలేదు మాస్టారూ. ఆ పాట "మై స్వీట్ లార్డ్". రాసి పాడినవారు బీటిల్స్‌లో గిటారు వాయించిన జార్జ్ హ్యారిసన్. బృందం విడిపోయిన ఏడాదే, 1970 నవంబరులో, ఆయన మూడు ఎల్పీలుగా (ఇరువైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డులుగా) విడుదల చేసిన "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" ఆల్బమ్‌లో, మొదటి వైపున రెండో పాటగా అది ఉంటుంది. వెనుక పాడే గొంతులు మొదట క్రైస్తవ ప్రార్థనల్లోని "హల్లెలూయా" అంటూ సాగి, వరుస ఏమాత్రం మారకుండానే "హరే కృష్ణ" నామంలోకి వస్తాయి. ఆ తరువాత మీరు విన్న శ్లోకం "తస్మై శ్రీ గురవే నమః" వరకూ నడుస్తుంది. గొంతులన్నీ ఒకదానిమీద ఒకటి పడుతూ ఉండడంవల్ల చాలామంది దాన్ని గమనించకుండానే దాటిపోతారు. వేలసార్లు చెప్పించిన మీకు అది ఇట్టే పట్టుబడింది.

ఆ శ్లోకం అలంకారానికి తెచ్చి అతికించినది కాదు. 1965లో "రబ్బర్ సోల్" ఆల్బమ్‌లోని "నార్వీజియన్ వుడ్" పాటకు హ్యారిసన్ సితారు వాయించేనాటికి ఆయనకు ఆ వాద్యం సంప్రదాయంగా నేర్పినవారు లేరు. 1966లో లండన్‌లో పండిట్ రవిశంకర్ పరిచయమైన తరువాత, అదే ఏడాది భారతదేశానికి వచ్చి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. 1968 జనవరిలో బొంబాయి హెచ్ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో ఒక సినిమాకు సంగీతం రికార్డు చేశారు. ఆ వెంటనే ఫిబ్రవరిలో బృందమంతా హృషీకేశ్ వెళ్లింది. అంటే "మై స్వీట్ లార్డ్" వచ్చేనాటికి గురువు అన్న మాటకు ఆయన జీవితంలో ఒక నిర్దిష్టమైన అర్థం, ఎదుట నిలబడిన మనిషీ ఉన్నారు. ఆ పాట బాణీ 1963 నాటి వేరొక అమెరికన్ పాటను పోలి ఉందని దావా నడిచి, తెలియకుండానే అనుకరించారని 1976లో అక్కడి న్యాయస్థానం తీర్పు ఇచ్చిన మాట కూడా మీకు చెప్పాలి. తీర్పు బాణీకి సంబంధించినది. ఆ గొంతుల్లోని భక్తిని నేను శంకించలేను.

మీకు మరొక ఆల్బమ్ కూడా చెప్పాలని ఉంది. రవిశంకర్ "చాంట్స్ ఆఫ్ ఇండియా" (1997) ఆల్బమ్‌ను నిర్మించినది హ్యారిసనే. అందులో కొంత భాగం కావలి నుంచి కొన్ని గంటల రైలు దూరంలో ఉన్న మద్రాసులోనే 1996లో రికార్డయింది. "సహనావవతు", "అసతో మా" వంటి మంత్రాలు అందులో ఉన్నాయి. ఈసారి మనవడికి మీరు వినిపించండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. సినిమా పాటలు తప్ప వేరే సంగీతం పెద్దగా వినలేదు. బీటిల్స్ ఆల్బమ్‌లు ఎక్కడ మొదలుపెట్టాలి? బృందం ఆల్బమ్‌లు వింటే చాలనీ, విడిపోయాక ఎవరికి వారు చేసినవి తీసికట్టనీ నా స్నేహితురాలు అంటోంది. మీరేమంటారు?
— విద్యార్థిని, ఒంగోలు

సమాధానం: మీ స్నేహితురాలి మాటతో నేను ఏకీభవించలేనమ్మా. ఎందుకో చివరకు చెబుతాను.

సినిమా పాటకు అలవాటుపడినవారు ముందుగా ఒక తేడా గమనించాలి. మన పాటలో సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, గొంతు ఇంకొకరిది, సందర్భం కథది. బీటిల్స్‌లో జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, హ్యారిసన్ తమ పాటలు తామే రాసుకుని, బాణీ కట్టుకుని, వాయిస్తూ పాడారు. డ్రమ్స్ రింగో స్టార్‌వి. నిర్మాత జార్జ్ మార్టిన్ వారి ఊహలకు వయొలిన్ల అమరిక, స్టూడియో పనితనం సమకూర్చారు. సందర్భం ఇచ్చే కథ లేదు కనుక, ఇరవై నిమిషాల చొప్పున రెండు వైపులున్న ఎల్పీనే వారు ఒక రచనగా చూడసాగారు. అందువల్ల విడివిడి పాటలుగా కాక, వరుస మార్చకుండా మొదటినుంచి చివరిదాకా వినండి.

చాలామంది 1967 నాటి "సార్జంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్" దగ్గర మొదలుపెట్టమంటారు. నేను 1969 నాటి "ఆబీ రోడ్" దగ్గర మొదలుపెట్టమంటాను. ఆ ఆల్బమ్ రెండో వైపును హ్యారిసన్ పాట "హియర్ కమ్స్ ది సన్" తెరుస్తుంది. అది సులువుగా, నాలుగు లెక్కల్లో నడిచే పాటలా మొదలవుతుంది. కానీ "సన్, సన్, సన్" అని మళ్లీ మళ్లీ వచ్చే మధ్యభాగం దగ్గర చేత్తో తాళం వేసి చూడండి. వేళ్లు తప్పుతాయి. అక్కడ నడక పదకొండు, ఏడు లెక్కల్లోకి విరిగి మళ్లీ నాలుగులోకి వస్తుంది. మిశ్రచాపు విన్న చెవికి ఆ ఏడు కొత్త కాదు. ఒక ఇంగ్లీషు తోటలో, వసంతకాలపు ఎండలో, గిటారు మీద పుట్టిన పాటలోకి మన లెక్కలు ఇంత సహజంగా ఎలా కలిశాయో గమనిస్తే, ఆయన మన సంగీతం దగ్గర ఏం నేర్చుకున్నారో సితారు మోతకంటే బాగా తెలుస్తుంది.

అదే వైపున, అసంపూర్తిగా మిగిలిన చిన్న పాటలను కుట్టి చేసిన పదహారు నిమిషాల మాలిక ఉంది. దాని చివరి పాటలో రింగో బీటిల్స్‌తో చేసిన ఒకే ఒక డ్రమ్స్ తని (సోలో) వస్తుంది. ఆ వెంటనే పాల్, జార్జ్, జాన్ ఆ వరుసలోనే రెండేసి ఆవర్తాల చొప్పున గిటార్లు మార్చి మార్చి వాయిస్తారు. మూడు చేతుల తీరు మూడు విధాలు. పాల్‌ది పదునుగా ఉంటుంది, జార్జ్‌ది సాగుతుంది, జాన్‌ది గరగరలాడుతుంది. ఇరవై సార్లు విన్నాక కూడా నేను ఆ చోట పని ఆపి వింటాను.

తరువాత వెనక్కు వెళ్లి "రివాల్వర్" (1966) వినండి. దాని చివరి పాట "టుమారో నెవర్ నోస్" దాదాపు అంతా ఒకే స్వరాధారం మీద, మన కచేరీలో శ్రుతి మీద గొంతు నిలిచినట్టు నిలుస్తుంది. ఆ పైన "సార్జంట్ పెప్పర్స్" వినండి. అందులో రెండో వైపు మొదలయ్యే "విదిన్ యూ వితౌట్ యూ"లో హ్యారిసన్ తప్ప మిగతా ముగ్గురు బీటిల్స్ లేరు. దిల్‌రుబా, తంబూర, తబలా వాయించినవారు లండన్‌లోని భారతీయ వాద్యకారులు. దాని స్వరాలు హిందుస్తానీ సంగీతంలోని ఖమాజ్ ఠాట్‌వి, అంటే మన కర్ణాటక సంగీతంలో హరికాంభోజి మేళానివి. కర్ణాటక సంగీతం తెలిసిన పెద్దవారు ఇంట్లో ఉంటే వారిని పక్కన కూర్చోబెట్టుకుని వినండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కొన్ని లెక్కలు చూడండి. "రివాల్వర్"లో పద్నాలుగు పాటల్లో హ్యారిసన్‌వి మూడు. "సార్జంట్ పెప్పర్స్"లో పదమూడింట ఒకటి. "వైట్ ఆల్బమ్" అని పిలిచే 1968 నాటి జంట ఎల్పీలో ముప్పైకి నాలుగు. "ఆబీ రోడ్"లో పదిహేడింట రెండు. అన్నేళ్లూ రాస్తూ, పక్కన పెట్టుకుంటూ వచ్చిన పాటలు ఏమయ్యాయన్న ప్రశ్నకు "ఆల్ థింగ్స్ మస్ట్ పాస్" అనే మూడు ఎల్పీల పెట్టెయే జవాబు. అందులోని "ఈజంట్ ఇట్ ఎ పిటీ" బీటిల్స్ రోజుల్లోనే, 1966 నాటికే పుట్టినది. ఆల్బమ్ పేరును మోసే పాటను 1969 జనవరిలో బృందం ముందు పెట్టి సాధన కూడా చేశారు. కానీ బృందం ఆల్బమ్‌లో దానికి చోటు దొరకలేదు. ఈ ఆల్బమ్ వినకుండా బీటిల్స్‌ను విన్నామనడం, నలుగురిలో ఒకరు మాట్లాడుతుండగా మధ్యలో లేచిపోవడమే.

లెనన్‌ను "జాన్ లెనన్/ప్లాస్టిక్ ఓనో బ్యాండ్" (1970 డిసెంబరు)లో వినాలి. మొదటి పాట "మదర్" నాలుగు గంట మోతలతో మొదలవుతుంది. ఆయనకు పదిహేడేళ్ల వయసులో తల్లి రోడ్డు ప్రమాదంలో చనిపోయింది. తండ్రి అంతకుముందే దూరమయ్యాడు. పియానో, బాస్, రింగో డ్రమ్స్ తప్ప ఇంకేమీ లేని ఆ పాట చివర, తల్లిని వెళ్లవద్దనీ తండ్రిని ఇంటికి రమ్మనీ పిలిచే పిలుపు క్రమంగా పాటను దాటి ఏడుపుగా మారుతుంది. రింగో అక్కడ దాదాపు ఏమీ వాయించనట్టే ఉంటారు. ఆ నిగ్రహం ఎంత గొప్పదో బీటిల్స్ పాటల సందడిలో నాకు తెలియలేదు.

మెకార్ట్‌నీ 1970 ఏప్రిల్‌లో తన పేరుతోనే తెచ్చిన ఆల్బమ్‌లో వాద్యాలన్నీ తానే వాయించారు. భార్య లిండాతో కలిసి చేసిన "రామ్" (1971)ను అప్పటి విమర్శకులు చాలామంది తేలిగ్గా తీసిపారేశారు. ఆ తీర్పు పొరపాటని నా నమ్మకం. "బ్యాండ్ ఆన్ ది రన్" (1973) సంగతి వేరు. రికార్డింగుకు నైజీరియాలోని లాగోస్ బయలుదేరే ముందు ఆయన కొత్త బృందం "వింగ్స్"లో ఇద్దరు మానుకున్నారు. అక్కడికి వెళ్లాక దొంగలు కత్తి చూపి, పాటల నమూనాలున్న క్యాసెట్లు సైతం ఎత్తుకుపోయారు. జ్ఞాపకం మీద ఆధారపడి, డ్రమ్స్ కూడా తానే వాయించి ఆయన ఆ ఆల్బమ్ పూర్తిచేశారు. అందులో బెదురు ఎక్కడా వినపడదు.

ఈ ముగ్గురి ఆల్బమ్‌లూ విన్నాక తిరిగి "ఆబీ రోడ్"కు రండి. హ్యారిసన్ రాసిన "సమ్‌థింగ్" కింద మెకార్ట్‌నీ బాస్ గిటారు ఒక రెండో పాటలా నడవడం అప్పుడు వినపడుతుంది. మనసులు విడిపోతున్న రోజుల్లో కూడా ఒకరి పాటకు మరొకరు అంత ప్రేమగా వాయించారు. ఎవరి వాటా ఏదో తెలిసిన చెవికే అది అందుతుంది. విడివిడి ఆల్బమ్‌లు వినమని నేను పట్టుబట్టడానికి అదే కారణం.

ప్రశ్న: నేను ఆటో నడుపుతాను. హారన్లు వినపడాలని ఎడమ చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాను. "విత్ ది బీటిల్స్"లో చాలా పాటలకు గొంతే వినపడటం లేదు. ఫోన్ పాడైందా?
— పాఠకుడు, నెల్లూరు

సమాధానం: ఫోన్‌లో దోషం లేదు. 1963లో ఆ ఆల్బమ్‌ను రెండు ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు: ఒకదానిపై వాద్యాలు, మరొకదానిపై గొంతులు. రెండింటినీ తగుపాళ్లలో కలిపి మోనోగా, అంటే అంతా ఒకే ధారగా, విడుదల చేయడమే ముఖ్యోద్దేశం. రెండు చెవులకు వేర్వేరుగా వినిపించే స్టీరియో ప్రతి కోసం ఆ ట్రాకులను దాదాపు అలాగే చెరోవైపు ఉంచేశారు. అందుకే ఎడమ చెవికి వాద్యాలు, కుడి చెవికి గొంతులు. ఫోన్ సెట్టింగులలో "యాక్సెసబిలిటీ" కింద "మోనో ఆడియో" అని ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే రెండూ ఒకే చెవికి వస్తాయి. అంతకంటే మేలు, బండి నడిపేటప్పుడు మానేసి, స్టాండులో ఆగినప్పుడు రెండు చెవులకూ పెట్టుకుని వినడం. "సార్జంట్ పెప్పర్స్"కు కూడా నలుగురూ దగ్గరుండి శ్రద్ధ పెట్టినది మోనోకే. స్టీరియో పని వారు లేకుండానే జరిగింది.

ప్రశ్న: బీటిల్స్ చివరి ఆల్బమ్ ఏది?
— పాఠకుడు, కందుకూరు

సమాధానం: చివర విడుదలైనది "లెట్ ఇట్ బీ" (1970 మే). అయితే దానిలో అధిక భాగం 1969 జనవరిలోనే రికార్డయింది. నలుగురూ కలిసి చివరగా తయారుచేసిన ఆల్బమ్ "ఆబీ రోడ్".

ప్రశ్న: మా నాన్నగారి ట్రంకు పెట్టెలో "ఆబీ రోడ్" ఎల్పీ దొరికింది. లేబుల్ మీద గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా అని ఉంది. బాగు చేయించిన ప్లేయర్ మీద వేస్తే చిటపటలాడుతోంది. పైగా మొదటి వైపు చివరి పాట మధ్యలోనే తెగిపోతోంది. రికార్డు పాడైనట్టేనా?
— పాఠకురాలు, కనిగిరి

సమాధానం: పారవేయకండి. అది మన దేశంలోనే అచ్చైన ప్రతి. ఆ కంపెనీ రికార్డుల కర్మాగారం కలకత్తా డమ్‌డమ్‌లో ఉండేది. చిటపటల్లో అధిక భాగం గాడుల్లో పేరుకున్న దుమ్ము వల్లనే వస్తుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క మెత్తని సబ్బు కలిపి, మధ్యనున్న కాగితం లేబుల్ తడవకుండా, మెత్తని గుడ్డతో గాడుల వెంట గుండ్రంగా తుడవండి. అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయి. మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి నీడలో ఆరబెట్టండి. మీ ప్రాంతపు ఎండకు, రేకుల కప్పు కింది వేడికి ఎల్పీ వంగిపోతుంది కనుక, పడుకోబెట్టి దొంతరగా కాక నిలువుగా, చల్లని గదిలో ఉంచండి. ప్లేయర్ ముల్లు పాతదైతే ముందు దాన్ని మార్పించండి. అరిగిన ముల్లు రికార్డును కోసేస్తుంది. మద్రాసు మూర్ మార్కెట్టులో కొన్న నా మొదటి ప్రతిని నేను పోగొట్టుకున్నది ఆ విధంగానే.

మొదటి వైపు చివర పాట తెగిపోవడం మాత్రం దోషం కాదు. "ఐ వాంట్ యూ" అనే ఆ పాట దాదాపు ఎనిమిది నిమిషాలు నడిచి, గిటార్ల హోరు పెరుగుతూ ఉండగా కత్తిరించినట్టు ఆగిపోతుంది. లెనన్ కోరి టేపును అక్కడే కోయించారు. రెండో వైపు వేసినప్పుడు కూడా చివరి పాట ముగిసిందని తొందరపడి ముల్లు ఎత్తకండి. కొన్ని సెకన్ల నిశ్శబ్దం తరువాత, మెకార్ట్‌నీ ఒక్కరే గిటారుతో పాడే ఇరవై మూడు సెకన్ల చిన్న పాట ఇంకొకటి ఉంది.