హైటెన్షన్ లైన్లకి భయపడి ఈఈఈ అమ్మాయిని సాఫ్ట్‌వేర్‌కి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి కర్నూలులో ఈఈఈ మూడో సంవత్సరం చదువుతోంది. కరెంటు డిపార్ట్‌మెంటులోనే చేరతానని, డిస్ట్రిబ్యూషన్ (ఇళ్లకీ ఊళ్లకీ కరెంటు పంచే) సైడే ఇష్టమని అంటోంది. ఎప్పుడూ సబ్‌స్టేషన్లలో, తీగల కింద తిరిగితే రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందని, పెళ్లయ్యాక పిల్లలు పుట్టడానికీ ఇబ్బందేనని మా ఆడపడుచు వాళ్లు భయపెడుతున్నారు. కోడింగ్ నేర్పించి సాఫ్ట్‌వేర్‌కి పంపడమే మేలా? చెప్పగలరు.

జవాబు: అమ్మా, ముందు రేడియేషన్ సంగతి తేల్చుకుందాం. అది మనసులో ఉన్నంతసేపు నేను ఉద్యోగాల గురించి ఎంత చెప్పినా మీకు ఎక్కదు.

కరెంటు తీగ చుట్టూ రెండు రకాల క్షేత్రాలుంటాయి. ఓల్టేజీ వల్ల వచ్చేది విద్యుత్ క్షేత్రం, తీగలో పారే కరెంటు వల్ల వచ్చేది అయస్కాంత క్షేత్రం. 400 కేవీ (అంటే నాలుగు లక్షల ఓల్టుల) లైను కింద రాత్రిపూట ట్యూబులైటు చేత్తో పట్టుకుంటే ఏ కనెక్షనూ లేకుండానే మసగ్గా వెలుగుతుంది, ఆ లైను కింద ఆపిన ట్రాక్టర్‌ని ముట్టుకుంటే ఒక్కోసారి చురుక్కుమంటుంది. ఊళ్లలో జనం భయపడేది ఇవి చూసే. అది విద్యుత్ క్షేత్రం చేసే పని, గోడో చెట్టో అడ్డం ఉంటే చాలావరకు ఆగిపోతుంది. అయస్కాంత క్షేత్రం గోడలకి ఆగదు, శాస్త్రవేత్తల అనుమానమంతా దాని మీదే. మనది 50 హెర్ట్జ్ కరెంటు, ఎక్స్‌రేలా శరీరంలోని అణువుల్ని విడగొట్టే శక్తి దీనికి లేదు.

మరి క్యాన్సర్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? 1979లో అమెరికాలోని డెన్వర్‌లో చేసిన ఒక అధ్యయనం, ఇళ్ల పక్కన పోయే కరెంటు తీగలకీ పిల్లల్లో వచ్చే లుకేమియాకీ (రక్త క్యాన్సర్‌కీ) సంబంధం ఉందేమోనన్న అనుమానం లేవనెత్తింది. తర్వాత చాలా దేశాల్లో పరిశోధనలు జరిగాయి. 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ అయస్కాంత క్షేత్రాలని 2బి గుంపులో పెట్టింది, అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉంది, కానీ ఆధారాలు పరిమితం' అని. ఆ పరిమిత ఆధారం కూడా సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే కొలమానం) దాటిన ఇళ్లలో పెరిగిన చిన్నపిల్లల లుకేమియా గురించే. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్నీ మళ్లీ పరిశీలించి, దీన్ని కారణం అనడానికి ఆధారం చాలదు, కానీ తక్కువ ఖర్చుతో అయ్యే జాగ్రత్తలు తీసుకుంటే తప్పులేదు అంది. గర్భం విషయంలో కూడా కొన్ని అధ్యయనాలు అనుమానం వెలిబుచ్చాయి, ఆధారం సరిపోదన్నదే ఆ సంస్థ మాట. కాబట్టి 'ఏమీ లేదు, కొట్టిపారేయండి' అని నేను చెప్పను, మీ ఆడపడుచు వాళ్లు చెప్పినంతా నిజమనీ ఒప్పుకోను.

ఇంకో విషయం. ఈ క్షేత్రం దూరం పెరిగేకొద్దీ గబగబా తగ్గిపోతుంది, పైగా లైనులోని మూడు ఫేజుల (మూడు తీగల) క్షేత్రాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 50 హెర్ట్జ్ దగ్గర మామూలు జనానికి పరిమితి 200 మైక్రోటెస్లా, ఆ పని చేసే ఉద్యోగులకి 1,000. తలకి ఆనించి వాడే హెయిర్ డ్రయ్యర్ దగ్గర కొలిస్తే, పెద్ద లైను కింద నేల మీద ఉన్నదానికన్నా ఎక్కువ చూపించడం మామూలే. మీకు ఇంకా టెన్షన్‌గా ఉంటే, గర్భంతో ఉన్న నెలల్లో ఆఫీసు పని అడగొచ్చు, నేనూ అడగమనే చెప్తాను.

అసలు భయపడాల్సింది షాక్‌కి, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు! మన లైన్‌మెన్ ప్రాణాలు పోయేది క్షేత్రాల వల్ల కాదు, తొందర వల్ల. ఫీడర్‌కి (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైనుకి) ఎల్‌సీ, అంటే సప్లై ఆపి పనికి ఇచ్చే లైన్ క్లియర్ అనుమతి తీసుకోవాలి, లైనుని విడదీసే ఏబీ స్విచ్ తెరిచాక మూడు బ్లేడ్లూ నిజంగా విడిపోయాయో లేదో కళ్లతో చూడాలి, సప్లై లేదని టెస్టర్‌తో తేల్చుకోవాలి, పనిచేసే చోటికి రెండు వైపులా డిశ్చార్జ్ రాడ్లు తగిలించి ఎర్త్ చేయాలి, అప్పుడే స్తంభం ఎక్కాలి. ఎందుకంటే ఎవరో ఇంట్లో జనరేటరు వేస్తే ఆ కరెంటు వెనక్కి లైనులోకి ఎక్కొచ్చు, పక్కనే ఇంకో లైను సమాంతరంగా పోతుంటే ఆఫ్‌లో ఉన్న తీగలో కూడా ఇండక్షన్‌తో ఓల్టేజీ పుడుతుంది. మీ అమ్మాయి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) అయితే రోజూ తను స్తంభం ఎక్కదు, కానీ తన సెక్షన్‌లో ఎక్కేవాళ్లు సాయంత్రం ఇంటికి చేరడం తను పట్టే పట్టు మీద ఆధారపడి ఉంటుంది, 'ఈ ఒక్కసారికి పర్లేదులే మేడమ్' అన్నప్పుడు కాదనగలగాలి. ఆ గట్టితనం తనలో ఉందా అన్నది మీరు ఆలోచించాల్సిన ప్రశ్న, రేడియేషన్ కాదు. ఆడపిల్ల అన్న సందేహం మాత్రం వద్దు. తెలంగాణలో స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి, కోర్టు దాకా పోరాడి 2021లో లైన్‌వుమన్‌గా చేరిన అమ్మాయి ఉంది.

ఇక సాఫ్ట్‌వేరా, కరెంటా అన్న ప్రశ్న. అవి ఇప్పుడు రెండు దారులుగా లేవు. ఇన్నాళ్లూ కరెంటు పైనుంచి కిందికే వచ్చేది, 33 కేవీ నుంచి 11 కేవీకి, అక్కణ్నించి మన వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ల మీద సోలార్. మధ్యాహ్నం ఆ ఇళ్ల నుంచి కరెంటు వెనక్కి ఎక్కి వీధిలో ఓల్టేజీ పెరుగుతుంది, సాయంత్రం సూర్యుడు వాలగానే లోడ్ అంతా ఒక్కసారి గ్రిడ్ మీద పడుతుంది. మీ కర్నూలు దగ్గర్లోనే ఓర్వకల్లు వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, మబ్బు పడితే దాని ఉత్పత్తి ఎలా ఊగుతుందో అమ్మాయిని అడగండి, చెప్తుంది. కరెంటు పంపిణీని బాగుచేయడానికి 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం, ఆ మీటర్ల నుంచి వచ్చే డేటా చదివి ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓవర్‌లోడ్ ఉందో, ఎక్కడ కరెంటు చౌర్యం జరుగుతోందో పట్టే మనుషులు కావాలి. 2014 హుద్‌హుద్ తుపానులో స్తంభాలు కూలి విశాఖ చీకట్లో పడ్డాక, ప్రపంచ బ్యాంకు సాయంతో అక్కడ భూగర్భ కేబుళ్లు వేశారు. గాలికి పడిపోయే బాధ పోయింది, కానీ కేబుల్‌లో ఫాల్ట్ వస్తే కంటికి కనపడదు, పరికరాలతో వెతకాలి. అన్నట్టు, భూమిలో వేస్తే విద్యుత్ క్షేత్రం బయటికి రాదు గానీ సరిగ్గా కేబుల్ మీద నిలబడితే అయస్కాంత క్షేత్రం పైలైను కింద కన్నా ఎక్కువ ఉండొచ్చు, కొన్ని మీటర్లు పక్కకి జరిగితే బాగా పడిపోతుంది. ఇలాంటివి కొలిచి రైతులకీ కాలనీ వాళ్లకీ ఓపిగ్గా చెప్పే ఇంజినీర్లు మనకి చాలా తక్కువ, పొలాల్లో టవర్ల గొడవలు సగం ముదిరేది అక్కడే.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. డిస్కంలలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) ఏఈ నోటిఫికేషన్లు ఏటా రావు, కొన్నేళ్లు అసలు రావు. వాటి కోసమే ఇంట్లో కూర్చోబెట్టొద్దు. కేంద్ర ప్రభుత్వ ట్రాన్స్‌మిషన్ సంస్థ పవర్‌గ్రిడ్ ఇంజినీర్ ట్రైనీలని గేట్ (ఇంజినీరింగ్ వాళ్లకి జాతీయ పరీక్ష) స్కోరుతో తీసుకుంటుంది, మూడో సంవత్సరం నుంచే గేట్ రాయొచ్చు, పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది, దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరులో మొదలవుతాయి. స్మార్ట్ మీటర్ల కంపెనీలు, ఫాల్ట్ వస్తే లైను ఆపేసే రిలేలు, స్విచ్‌గేర్ చేసే కంపెనీలు, సోలార్ కాంట్రాక్టులు తీసుకునే సంస్థలూ ఉన్నాయి, అక్కడ మొదటి రెండేళ్లు జీతం సాఫ్ట్‌వేర్ కన్నా తక్కువే ఉండొచ్చు, సైట్ల మీద తిరగాలి.

కోడింగ్ మాన్పించకండి, పైథాన్ నేర్చుకోమనండి, కానీ దాన్ని కరెంటు పనికే వాడమనండి. ఓపెన్‌డీఎస్‌ఎస్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, డిస్ట్రిబ్యూషన్ ఫీడర్లని అందులో లెక్కగట్టొచ్చు. మీ ఇంటి దగ్గరి 11 కేవీ ఫీడర్‌నే ప్రాజెక్టుగా తీసుకుని, ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లున్నాయో నడిచి చూసి మ్యాప్ మీద పెట్టి, పదిళ్ల మీద సోలార్ పెడితే ఓల్టేజీ ఎంత పెరుగుతుందో లెక్కగట్టమనండి. నడిచేటప్పుడు ఏ ఇల్లు లైనుకి మరీ దగ్గరగా కట్టారో కూడా రాసుకోమనండి, నిబంధన ప్రకారం 11 కేవీ లైనుకీ భవనానికీ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు, 33 కేవీకైతే 2 మీటర్లు ఉండాలి.

ఈ సెలవుల్లోనే కాలేజీ నుంచి ఉత్తరం తీసుకుని దగ్గర్లోని 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి వెళ్లండి. కుదిరితే మీరూ తోడు వెళ్లండి. సాయంత్రం ఆరు, తొమ్మిది మధ్య, ఫోన్లు మోగే వేళలో షిఫ్ట్ ఆపరేటర్ పక్కన కాసేపు కూర్చోనివ్వండి. ఇంటికొచ్చాక ఏం నచ్చింది, ఏం నచ్చలేదు అని తన నోటితోనే చెప్పనివ్వండి, అది నాకు రాసి పంపితే ఏ దారికి ఏం చదవాలో విడిగా చెప్తాను.