తొమ్మిదో గ్రేడ్ అమ్మాయిని పెప్ ర్యాలీకి బలవంతంగానైనా పంపాలా?

డల్లాస్ దగ్గర హైస్కూల్లో ఈ ఏడాది చేరిన మీ అమ్మాయి, శుక్రవారం అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ముందు జట్టును ఉత్సాహపరచడానికి బడిలో జరిపే పెప్ ర్యాలీలో ఆ అరుపులను భరించలేనని, ఆ సమయంలో లైబ్రరీలో కూర్చుంటానని అంటోందని రాశారు. వెళ్లకపోతే తోటివారిలో ఒంటరిదైపోతుందేమోనని మీ భయం. బలవంతంగా పంపవద్దని నా సమాధానం. అయితే చదువు సమయం వృథా అవుతుందన్న కారణంతో మాత్రం కాదు; మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్దలు తరచూ చెప్పే ఆ మాట నాకు ఏనాడూ రుచించలేదు.

నేను 2011 ఆగస్టులో గుంటూరు నుంచి వచ్చి, మీరుంటున్న ప్రాంతంలోనే ఒక హైస్కూల్లో పదో గ్రేడ్‌లో చేరాను. అంతకుముందు చదివింది ఆటస్థలం లేని నాలుగంతస్తుల రెసిడెన్షియల్ పాఠశాలలో. అక్కడ మాకు ఆటలు లేకపోయినా మేడమీద ప్రార్థన మాత్రం ఒక్కరోజు కూడా తప్పేది కాదు. వందేమాతరం, మా తెలుగు తల్లికి, ఆ తరువాత కుడిచేతిని భుజం ఎత్తున ముందుకు చాచి ప్రతిజ్ఞ. దేశమంతటా పిల్లలు చెప్పే ఆ ప్రతిజ్ఞను పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ మొదట తెలుగులోనే రాశారని మా తెలుగు మాస్టారు ప్రతి పంద్రాగస్టుకీ గుర్తుచేసేవారు. ఏళ్ల తరబడి రోజూ అలా చాచి చాచి ఆ చేతికి అదే అలవాటైపోయింది.

కొత్త బడిలో మొదటి పెప్ ర్యాలీకి ముందురోజు రాత్రి, ప్లానర్ అనే బడి డైరీ వెనక పేజీలో అచ్చువేసిన బడిగీతాన్ని రెండు చరణాలూ కంఠస్థం చేశాను. పాట రాని పిల్లవాణ్ణి వరుసలోంచి బయటికి పిలిచి నిలబెట్టే బడి నుంచి వచ్చినవాడికి అంతకన్నా మరో ఆలోచన తోచదు. మర్నాడు ప్రతి పీరియడ్‌నూ కొన్ని నిమిషాల చొప్పున కుదించి, మిగిల్చిన సమయంలో రెండువేల మందికి పైగా పిల్లలను జిమ్‌లోకి పంపారు. తరగతికొక వైపు కేటాయించిన బ్లీచర్లు అనే మెట్ల బల్లలు, తలుపు తోసుకుని వచ్చిన డ్రమ్‌లైన్, జెర్సీలు వేసుకుని కుర్చీల్లో కూర్చున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లు, ఏ తరగతి గట్టిగా అరిస్తే ఆ తరగతికి ఇస్తామంటూ చూపించిన స్పిరిట్ స్టిక్ అనే బహుమతి కర్ర. అది చివరికి సీనియర్లకే దక్కుతుందని నాకు తప్ప అక్కడ అందరికీ తెలుసు. ఆ డ్రమ్ముల మోత చెవులకు కాదు, పక్కటెముకలకు తగులుతుంది. మీ అమ్మాయి చెబుతున్నది అతిశయోక్తి కాదు.

చివర బడిగీతం మొదలైంది. చుట్టూ అందరూ కుడిచేతులు పైకెత్తి వేళ్లతో ఏదో గుర్తు పట్టారు. నాకు తెలిసిన కుడిచేయి ఒక్కటే కనుక, అరచేతిని చదునుగా ఉంచి ముందుకు చాచి, ప్రార్థనలో పాడినంత గట్టిగా పాడసాగాను. పక్కనున్న మెక్సికన్ కుర్రవాడు నా మణికట్టు పట్టుకుని నెమ్మదిగా చేతిని కిందికి దించాడు. ఎందుకు దించాడో అర్థంకాక, చేయి దించుకునే రెండో చరణం కూడా పూర్తిచేశాను. అప్పుడు తెలిసింది, మా వరుసలో పాట వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనని. మిగిలినవారు మొదటి పంక్తి పాడి, ఆపైన పెదవులు కదిలిస్తున్నారు. సోమవారం నుంచి బడి ముగిసేదాకా నా పేరు ఆల్మా మేటర్, అంటే బడిగీతం.

చరిత్ర చెప్పే టీచర్ ఈ సంగతి విని నవ్వలేదు. ఒకప్పుడు అమెరికా పిల్లలు కూడా జెండాకు ప్రతిజ్ఞ చెబుతూ చేయి అలాగే చాచేవారని, నాజీ వందనంలా కనబడుతోందని 1942లో దాన్ని మాన్పించి గుండెమీద చేయి పెట్టించారని చెప్పారు. ఆ మాట విన్నాక నా సిగ్గు కొంత తగ్గింది.

నేను చెప్పదలచుకున్నదల్లా ఆ పెదవుల కదలిక గురించే. రెండువేల మంది ఉన్న బడిలో, నా లెక్క ప్రకారం, స్కూల్ స్పిరిట్ నిజంగా ఉండేది నూటయాభై మందికి. వారు ఆగస్టు ఎండలో పార్కింగ్ లాట్‌లో కవాతు సాధన చేసిన బ్యాండ్ పిల్లలు, చీర్‌లీడర్లు, ఆటగాళ్లు, పోస్టర్లు రాసేవారు. మిగిలినవారు ప్రేక్షకులు. ప్రేక్షకులను అరవమంటే అరుస్తారు, కానీ దానివల్ల బడిమీద మమకారం పుట్టదు.

నాకు అది పుట్టింది మరుసటి సంవత్సరం. గుంటూరులో చేతిరాత కాపీ పుస్తకాలు నింపి నింపి కుదిరిన నా చేతిరాత చూసి, ఆటగాళ్లు చించుకుంటూ బయటికి దూకే కాగితపు బ్యానర్ మీద అక్షరాలు రాయమని ఆర్ట్ టీచర్ అడిగారు. గురువారం సాయంత్రం ఆర్ట్ గది నేలమీద మోకాళ్లపై కూర్చుని నాలుగు గంటలు రాశాము. మర్నాడు పెప్ ర్యాలీలో ఆ బ్యానర్‌ను రెండు సెకన్లలో చింపి అవతల పారేశారు. బాధ కలగవలసిన చోట నేను గొంతు బొంగురుపోయేటట్లు అరిచాను. ఆ జట్టు ఆడే ఆట నియమాలు నాకు ఈనాటికీ సరిగా తెలియవు.

ఒక ఫిర్యాదు మాత్రం మిగిలిపోయింది. టెక్సస్‌లో ప్రభుత్వ బడుల పోటీలను నడిపే యూఐఎల్ (యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్) 1910లో మొదలైంది వాదోపవాదాల పోటీలతో, ఫుట్‌బాల్‌తో కాదు. ఇప్పటికీ అదే సంస్థ నంబర్ సెన్స్ అనే పోటీ కూడా నడుపుతుంది: చిత్తుకాగితం, కాలిక్యులేటర్ లేకుండా పది నిమిషాల్లో ఎనభై లెక్కలు. అందులో మా జట్టు నెగ్గితే మాకు దక్కింది ఇంటర్‌కమ్‌లో ఒక వాక్యం, అందులోనూ నా ఇంటిపేరును ఖూనీ చేశారు. పక్క ఊరు ఆలెన్‌లో 2012లో సుమారు ఆరు కోట్ల డాలర్లతో, పద్దెనిమిది వేల మంది కూర్చునే హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం కట్టారని గుర్తుచేసుకుంటే ఆ ఒక్క వాక్యం మరీ చిన్నదిగా కనిపిస్తుంది.

అలాగని మన తెలుగునాట ఈ జాడ్యం లేదనుకోకండి. ఫలితాల రోజున టీవీలో "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ ఊపిరాడకుండా ర్యాంకులు చదివే ప్రకటనలు పెప్ ర్యాలీలు కాక మరేమిటి? కాకపోతే అమెరికా బడిలో ఫుట్‌బాల్ ఆడని పిల్లవాడికి బ్లీచర్ల మీద చోటైనా ఉంటుంది, మన ప్రకటనల్లో ర్యాంకు రాని పిల్లవాడు ఫోటోలోనే ఉండడు.

మీరు చేయవలసింది చిన్న పని. కౌన్సెలర్‌కు ముందుగా ఒక ఈమెయిల్ రాసి, మీ అమ్మాయికి ఆ మోత పడదని చెప్పి, ఆ సమయంలో వేరే గదిలో కూర్చోబెట్టగలరేమో అడగండి. వీలుకాదంటే ఇయర్‌ప్లగ్‌లు కొనిచ్చి, తలుపు దగ్గరి చివరి వరుసలో కూర్చోమనండి. పాత విద్యార్థులను ఆహ్వానించే హోమ్‌కమింగ్ మ్యాచ్‌కు ముందు, దుస్తులకు తగిలించుకునే, రిబ్బన్లు, గంటలు వేలాడే ఆ పెద్ద చామంతి అలంకరణ, మమ్, కావాలని అడిగితే, ధర చూసి కంగారుపడకుండా, సరంజామా తెచ్చి ఇంట్లోనే చేయండి. మా అమ్మ జడగంటలు కుట్టిన అనుభవంతో మా చెల్లికి ఒక్క సాయంత్రంలో చేసిపెట్టింది. అన్నిటికన్నా ముందు, గురువారం సాయంత్రాల్లో తీరిక ఉందేమో అమ్మాయిని అడగండి. అప్పుడు ఆర్ట్ గదిలో మోత ఉండదు, బ్యానర్‌కు రంగులు వేసేవారు మాత్రం ఎప్పుడూ ఒకరిద్దరు తక్కువే ఉంటారు.